సొంత బ్లాక్‌జాక్ వ్యూహానికి పరీక్ష: 1044 హ్యాండ్ల ప్రాజెక్టు డైరీ

బ్లాక్‌జాక్ అంటే క్యాసినో తరఫున ముక్కలు పంచే డీలర్‌తో తలపడి, చేతిలోని ముక్కల మొత్తాన్ని 21 దాటకుండా డీలర్ కంటే పెద్దది చేసుకునే పేకాట; అందులో ఒక్కో పంపకం ఒక హ్యాండ్. ఈ డైరీలో లెక్కలన్నీ యూనిట్లలోనే ఉంటాయి. ఒక యూనిట్ అంటే బల్ల మీద నేను పెట్టే అతి చిన్న పందెం. క్యాసినో పర్యటనకు 200 యూనిట్లు విడిగా కేటాయించి, అవి తిరిగి రావన్న లెక్కతోనే ఖర్చు పద్దులో రాసుకున్నాను. ఇదే ప్రయోగాన్ని ఎవరైనా మళ్లీ చేయాలనుకుంటే నేను పోగొట్టుకున్న సమయం వారికి కలిసివస్తుందని, తప్పులు జరిగిన చోట్లను మిగిలిన వాటికంటే వివరంగా రాస్తున్నాను.

పరీక్షకు పెట్టిన వ్యూహం, మొదటి రూపం:

1. నా చేతిలో హార్డ్ 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండి, డీలర్ తెరిచిన ముక్క 2 నుంచి 7 వరకు ఏదైనా అయితే స్టాండ్, అంటే ఇంకో ముక్క తీసుకోకుండా ఆగడం.
2. నాకు 20 గానీ బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క) గానీ వచ్చి, డీలర్‌కు ఆసు కనిపిస్తే ఇన్సూరెన్స్, అంటే డీలర్‌కు బ్లాక్‌జాక్ వస్తుందని విడిగా కాసే పందెం.
3. వరుసగా గెలుస్తూ ఉంటే పందెం 1, 2, 3, 5. ఓడినా, 5 యూనిట్ల పందెం గెలిచినా మళ్లీ 1.
4. మిగిలిన సందర్భాలన్నింటిలో బేసిక్ స్ట్రాటజీ పట్టిక, అంటే ప్రతి చేతికీ సగటున అతి తక్కువ నష్టం తెచ్చే నిర్ణయాన్ని చూపే పట్టిక.

ఆసును 11గా లెక్కించినా 21 దాటని చేతిని సాఫ్ట్ అనీ, ఆ వెసులుబాటు లేని చేతిని హార్డ్ అనీ అంటారు. మొదటి నియమానికి నా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే: డీలర్ 17 వచ్చేదాకా ముక్కలు తీయక తప్పదు కాబట్టి, నేను బస్ట్ కాకుండా, అంటే 21 దాటకుండా కూర్చుంటే ఆయనే బస్ట్ అవుతాడన్న నమ్మకం. ఆ నమ్మకం 6 వరకు దాదాపు సరైనదే. 7 దగ్గర ఏమవుతుందో రెండో దశలో రాశాను.

దశ 1: సిమ్యులేషన్ చూపిన తప్పుడు లాభం

సాధనాలు: ల్యాప్‌టాప్, హ్యాండ్లను తనంతట తానే ఆడే ప్రోగ్రాము రాయడానికి పైథాన్ భాష, ఒక నోటుపుస్తకం. ఆరు పేకలు, అంటే 312 ముక్కలు. మూడొంతులు పంచాక మళ్లీ కలపడం. డీలర్ అన్ని 17ల మీదా ఆగడం. బ్లాక్‌జాక్‌కు 2కి 3 చెల్లింపు. ఒకే విలువ ఉన్న రెండు ముక్కలను రెండు చేతులుగా విడదీశాక (స్ప్లిట్) పందెం రెట్టింపు చేసి ఒక్క ముక్కే తీసుకోవడానికి (డబుల్) అనుమతి. ఈ నిబంధనల కింద బేసిక్ స్ట్రాటజీ ఆడేవారి మీద క్యాసినోకు ఉండే ఆధిక్యం సుమారు 0.4 శాతం. అందుకని నా వ్యూహం జోలికి వెళ్లేముందు, ఆ 0.4 నా ప్రోగ్రాములోంచి వస్తుందో లేదో చూడాలనుకున్నాను.

రాలేదు. ఆటగాడికే 3 శాతం దాటి లాభం చూపించింది. ఆ అంకెను చూడగానే తప్పు ప్రోగ్రాములో ఉందని అర్థమైంది గానీ, అది ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. దొరికిన తప్పులు రెండు.

మొదటిది స్ప్లిట్ దగ్గర ఉంది. రెండు ఆసులను విడదీసిన తరువాత ఒకదాని మీద పది పడితే అది మామూలు 21 మాత్రమే. నా ప్రోగ్రాము దాన్ని బ్లాక్‌జాక్‌గా లెక్కించి ఒకటిన్నర రెట్లు చెల్లిస్తోంది. దీనివల్ల వచ్చిన తేడా 0.2 శాతం లోపే.

రెండోదే అసలు దొంగ. నా చేయి 21 దాటి, డీలర్ చేయి కూడా 21 దాటిన సందర్భంలో, ఇద్దరివీ చెల్లవు కాబట్టి పుష్, అంటే సమం, పందెం వెనక్కి అని రాసుకున్నాను. నిజమైన బల్ల మీద నేను బస్ట్ అయిన క్షణంలోనే డీలర్ నా చిప్పులు లాగేసుకుంటాడు. ఆ తరువాత ఆయన బస్ట్ అయినా నా పందెం వెనక్కి రాదు. బేసిక్ స్ట్రాటజీ ఆడే మనిషి నూటికి సుమారు 16 హ్యాండ్లలో బస్ట్ అవుతాడు, అవి ఎక్కువగా డీలర్ పెద్ద ముక్క చూపినప్పుడే జరుగుతాయి, ఆ స్థితిలో డీలర్ బస్ట్ అయ్యేది ఐదింట ఒకసారికి కాస్త పైన. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే మూడున్నర శాతాన్ని నా ప్రోగ్రాము ఆటగాడికి ఉచితంగా పంచిపెడుతోంది. ఆటగాడు ముందు ఆడాలన్న ఒక్క నిబంధనలోనే క్యాసినో సంపాదన మొత్తం దాగి ఉందని చదివి తెలుసుకున్నదాని కంటే, ఒక షరతును తప్పుగా రాసి తెలుసుకున్నది నాకు బాగా గుర్తుండిపోయింది.

రెండు తప్పులూ దిద్దాక 10 లక్షల హ్యాండ్లు ఆడించాను. ఒకసారి 0.31 శాతం, మరోసారి 0.52 శాతం నష్టం వచ్చింది. మళ్లీ ఏదో తప్పు చేశానని గంటసేపు వెతికాను; తప్పేమీ లేదు. ఒక్కో హ్యాండ్ ఫలితం సగటు నుంచి ఊగే పరిమాణం, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 1.15 యూనిట్లు. దాన్ని హ్యాండ్ల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే కొలతలో ఉండే అనిశ్చితి తెలుస్తుంది:

1. 10 లక్షల హ్యాండ్లకు 0.115 శాతం.
2. కోటి హ్యాండ్లకు 0.036 శాతం.
3. 10 కోట్ల హ్యాండ్లకు 0.0115 శాతం.

పదో వంతు శాతం తేడాలను పట్టుకోవాలంటే 10 లక్షల హ్యాండ్లు చాలవు. అప్పటి నుంచి ప్రతి పరుగునూ 10 కోట్లకు పెంచి రాత్రిపూట నడిపించాను. 1956లో బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అనే నలుగురు అమెరికన్లు ఈ ఆటకు సరైన పట్టికను బల్లమీది లెక్కల యంత్రాలతోనే తయారుచేసి ప్రచురించారు. ఎడ్వర్డ్ థోర్ప్ ఆ తరువాత ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఆ లెక్కను ముందుకు తీసుకెళ్లి 1961లో తన పరిశోధన పత్రం వెలువరించారు. వారి పనిముట్లను తలచుకుంటే, నా రెండు సాయంత్రాల నష్టానికి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు.

ఇప్పటి మొత్తం: 11 రోజులు, బల్ల మీద 0 హ్యాండ్లు, ప్రోగ్రాములో 2 పెద్ద తప్పులు.

దశ 2: వ్యూహంలో ఏ ముక్క ఎంత ఖరీదు

నా వ్యూహాన్ని మొత్తంగా నడిపిస్తే, పందెం మార్చకుండా ఆడినప్పుడు క్యాసినో ఆధిక్యం 0.4 నుంచి 1 శాతం దాటింది. ఏ నియమం ఎంత నష్టం తెస్తోందో తెలియాలంటే ఒక్కో నియమాన్ని విడిగా పెట్టి నడపాలి.

ముందుగా డీలర్ 7. నేను 12 నుంచి 16 మధ్య ఎక్కడ ఆగినా గెలిచే దారి ఒక్కటే, డీలర్ బస్ట్ కావడం. 7 తెరిచిన డీలర్ బస్ట్ అయ్యేది నూటికి 26 సార్లు మాత్రమే. కాబట్టి ఆగితే యూనిట్‌కు సగటున 0.475 నష్టం. ముక్క తీసుకుంటే నష్టం ఇలా ఉంటుంది:

1. 16 మీద 0.415.
2. 15 మీద 0.370.
3. 14 మీద 0.321.
4. 13 మీద 0.269.
5. 12 మీద 0.213.

12 మీద ఆగిన ప్రతిసారీ పావు యూనిట్‌కు పైగా డీలర్‌కు ఇనాముగా ఇస్తున్నానన్న మాట. ఇలాంటి చేతులు ఎంత తరచుగా వస్తాయో కలుపుకుంటే ఈ ఒక్క 7 వల్లనే అర శాతానికి పైగా పోతోంది. 6 తెరిచిన డీలర్ నూటికి 42 సార్లు బస్ట్ అవుతాడు. 7కు వచ్చేసరికి అది 26కు పడిపోతుంది. ఎందుకంటే 7 మీద పది పడితే నేరుగా 17, అక్కడే ఆగిపోవచ్చు. నా నమ్మకం ఒక మెట్టు ముందుకు జారింది, ఆ మెట్టు దగ్గరే గొయ్యి ఉంది.

12 మీద డీలర్ 2 లేదా 3 ఉన్నప్పుడు ఆగడం కూడా బేసిక్ స్ట్రాటజీకి విరుద్ధమే. అయితే అక్కడ తేడా 2కు 0.039, 3కు 0.019 మాత్రమే, మొత్తం ఆట మీద 0.04 శాతం. గుర్తుపెట్టుకోవడం తేలికవుతుందని దీన్ని ఉంచేశాను.

ఇన్సూరెన్స్‌కు కంప్యూటర్ కూడా అక్కరలేదు. ఆరు పేకల్లో పది విలువ ముక్కలు (పది, జాకీ, రాణి, రాజు) 96. డీలర్ ఆసును మాత్రమే తీసేస్తే మిగిలేవి 311. వాటిలో 96 ముక్కలు నాకు రెండింతలు తెస్తాయి, 215 ముక్కలు పందేన్ని మింగేస్తాయి. 192లోంచి 215 తీసివేసి 311తో భాగిస్తే 7.4 శాతం నష్టం. నా చేతిలో 20 ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ తీసుకోవాలని నేను పెట్టుకున్న నియమం ఇంకా అధ్వాన్నం. ఆ 20 సాధారణంగా రెండు పదులతో వస్తుంది కాబట్టి, నాకు పనికొచ్చే ముక్కల్లో రెండు నా దగ్గరే ఇరుక్కుపోయాయి: మిగిలిన 309లో పదులు 94, నష్టం 8.7 శాతం. మంచి చేతిని కాపాడుకోవాలన్న ఆలోచన, సరిగ్గా కాపాడుకోకూడని చోటే నాకు తట్టింది. బ్లాక్‌జాక్ మీద ఇన్సూరెన్స్ తీసుకుంటే ఏమైనా సరే ఒక యూనిట్ చేతికొస్తుంది. తీసుకోకపోతే సగటున 1.039 వస్తుంది. ఈ నియమాన్ని పూర్తిగా కొట్టేశాను.

ఇక పందెం పెంచే మెట్లు. పుష్‌లను పక్కన పెడితే, ఒక హ్యాండ్ గెలిచే అవకాశం 46.4 శాతం. దాని ప్రకారం ప్రతి వంద హ్యాండ్లలో 56 ఒక యూనిట్‌తో, 26 రెండుతో, 12 మూడుతో, 5.6 ఐదుతో ఆడతాను. సగటు పందెం 1.73 యూనిట్లు. ఏ మెట్టు మీద ఉన్నా క్యాసినో శాతం మారదు; పెరిగేది శాతాన్ని లెక్కించే పందెం. ఊగిసలాట అంతకంటే ఎక్కువగా పెరిగి, హ్యాండ్‌కు 1.15 నుంచి 2.33 యూనిట్లకు చేరుతుంది. దీనిలో లాభమేమీ లేదని లెక్క తేల్చినా, మెట్లు ఎక్కుతున్నప్పుడు మనిషి తన నియమాన్ని నిలబెట్టుకుంటాడా లేదా అన్నది కొలవడానికి ఉంచాను.

రెండో రూపం: 7 మీద ఆగడం లేదు, ఇన్సూరెన్స్ లేదు, 12 మీద 2, 3లకు స్టాండ్ ఉంది, మెట్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం తేలిపోయింది. ఈ రెండో రూపానికీ బేసిక్ స్ట్రాటజీకీ ఆటలో ఉన్న తేడా 0.04 శాతం. మార్పులేని పందెంతో ఆడినా దాన్ని నమ్మకంగా చూడాలంటే సుమారు 3 కోట్ల 30 లక్షల హ్యాండ్లు కావాలి. గంటకు 75 చొప్పున నిద్రాహారాలు మాని ఆడితే 50 ఏళ్లు. కాబట్టి పర్యటనతో వ్యూహాన్ని పరీక్షించడం కుదరదు. పరీక్షించగలిగేవి మూడే: వంద హ్యాండ్లకు నా పొరపాట్లు ఎన్ని, గంటకు హ్యాండ్లు ఎన్ని, ఐదు యూనిట్ల మెట్టు నిజంగా ఎన్నిసార్లు తొక్కాను. వెళ్లింది ఈ మూడింటి కోసమే.

దశ 3: ఇంట్లో 500 హ్యాండ్లు

1. ఆరు పేకల్లోంచి జోకర్లు తీసేసి 312 ముక్కలు లెక్కపెట్టాను.
2. నాకు నేనే పంచుకుంటూ, ప్రతి నిర్ణయాన్ని బయటికి చెబుతూ ఆడాను.
3. ఫోన్‌ను పైన బిగించి మొత్తం వీడియో తీశాను.
4. పొరపాటు చేశానని అనిపించినప్పుడల్లా ఒక గీత గీశాను.

గీతలు 6. వీడియోను పట్టికతో పోల్చి చూస్తే పొరపాట్లు 14. నేను పట్టుకున్న ప్రతి తప్పుకూ పట్టుకోనివి ఒకటికి పైగానే ఉన్నాయి. అందుకని బల్ల దగ్గర గుర్తించిన పొరపాట్లను 2.3తో గుణించాలని నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నాను. 14లో 9 సాఫ్ట్ చేతుల మీదే జరిగాయి. ముఖ్యంగా ఆసు, 7 ఉన్న 18 మీద డీలర్‌కు 9 కనిపించినప్పుడు చేయి దానంతట అదే ఆగిపోతోంది. 18 అంటే మంచి చేయి అని లోపల ఎక్కడో ముద్ర పడిపోయింది. ఆగితే 0.183 నష్టం, ముక్క తీసుకుంటే 0.101.

హ్యాండ్ల లెక్కకు మొదట అనుకున్న పద్ధతి ఇది: ముక్కలు పంచే పెట్టె ఒకసారి ఖాళీ అయ్యేలోపు సుమారు 234 ముక్కలు బయటికి వస్తాయి, మనిషికి రౌండుకు సగటున 2.7 ముక్కలు; డీలర్‌తో కలిపి నలుగురు ఉంటే 21 రౌండ్లు. పెట్టెలు లెక్కపెడితే చాలు. కానీ బల్ల దగ్గర మనుషులు వస్తూ పోతూ ఉంటే ఈ గుణకారం నిలవదు. ఎలక్ట్రానిక్ పరికరాలను బల్ల దగ్గర అనుమతించరు. చివరికి చొక్కా గుండీలు 25 కొని ఎడమ జేబులో వేసుకున్నాను: పది హ్యాండ్లకు ఒక గుండీ కుడి జేబులోకి మారుతుంది. ఐదు యూనిట్ల మెట్టు తొక్కినప్పుడల్లా మరో రంగు గుండీ వెనక జేబులోకి పోతుంది. సాధనాలన్నింటిలో కడదాకా ఇబ్బంది పెట్టనివి ఈ గుండీలే.

దశ 4: పర్యటన

ఒకటో సిట్టింగ్. చిన్న పందెం బల్ల వెతుక్కుని కూర్చున్నాను. బల్ల గుడ్డ మీద అచ్చువేసిన వాక్యాన్ని చదవలేదు. ఇరవై మూడో హ్యాండ్‌కు నేను ఐదు యూనిట్ల మెట్టు మీద ఉన్నాను. ఆసు, రాణి వచ్చాయి. డీలర్ నా ఐదు చిప్పుల పక్కన ఐదు పెట్టి, కాసేపు ఆగి, ఇంకొక్కటి జరిపాడు. ఏడున్నర రావాలి కదా అని గుడ్డ వైపు చూశాను. బ్లాక్‌జాక్‌కు 5కి 6 అని వంపు తిరిగిన అక్షరాల్లో నా చిప్పుల కిందే ఉంది. ఈ ఒక్క నిబంధన క్యాసినో ఆధిక్యానికి సుమారు 1.4 శాతం కలుపుతుంది. నేను ఇంట్లో వారాల తరబడి చెక్కి తగ్గించినదానికి రెండింతలకు మించి, కుర్చీ లాక్కున్న నిమిషంలోనే తిరిగి ఇచ్చేశాను. వెంటనే లేచాను.

ఇప్పటి మొత్తం: 23 హ్యాండ్లు, 4 యూనిట్ల నష్టం, గుర్తించిన పొరపాట్లు 0 (బల్ల ఎంపికను ఇందులో కలపలేదు).

రెండో సిట్టింగ్. ఈసారి గుడ్డ మొత్తం చదివాను: 2కి 3 చెల్లింపు, డీలర్ అన్ని 17ల మీదా ఆగుతాడు. గుడ్డ మీద లేని నిబంధన గంట తరువాత తెలిసింది. డీలర్‌కు రాజు, నాకు 6, 5. మూడు యూనిట్ల పందేన్ని డబుల్ చేసి ఆరు చేశాను, పది పడింది, 21. డీలర్ అప్పుడు తన రెండో ముక్క తీశాడు: ఆసు. నా ఆరు చిప్పులూ వెళ్లిపోయాయి. అంతవరకూ ఆయన ముందు ఒక్క ముక్కే ఉందన్న సంగతి నేను చూస్తూనే గమనించలేదు. రెండో ముక్కను ముందుగా తీసి బ్లాక్‌జాక్ ఉందో లేదో చూసుకునే బల్లల మీద నాకు డబుల్ చేసే అవకాశమే వచ్చేది కాదు, మూడు యూనిట్లతోనే పోయేది. ఈ పద్ధతి వల్ల పెరిగే ఆధిక్యం సుమారు 0.11 శాతం, దాన్ని అంతకే పరిమితం చేయాలంటే పట్టికలో మూడు చోట్ల మార్పు అవసరం:

1. 11 మీద డీలర్‌కు పది ఉంటే డబుల్ వద్దు, హిట్ (మామూలుగా ముక్క తీసుకోవడం).
2. రెండు 8ల మీద డీలర్‌కు పది లేదా ఆసు ఉంటే స్ప్లిట్ వద్దు, హిట్.
3. రెండు ఆసుల మీద డీలర్‌కు ఆసు ఉంటే స్ప్లిట్ వద్దు, హిట్.

విరామంలో వీటిని చీటీ మీద రాసుకుని వచ్చి అదే బల్ల మీద కొనసాగించాను. మొత్తం 212 హ్యాండ్లు, 2 గంటల 50 నిమిషాలు, గంటకు 75. లాభం 41.5.

ఇప్పటి మొత్తం: 235 హ్యాండ్లు, 37.5 యూనిట్ల లాభం, పొరపాట్లు 2.

మూడో సిట్టింగ్. లాభంలో ఉన్నాను కాబట్టి అదే రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఇది ప్రణాళికలో లేదు. 186 హ్యాండ్లు, 52 యూనిట్ల నష్టం, గుర్తించినవే 9 పొరపాట్లు. వంద హ్యాండ్లకు దాదాపు 5. రెండో సిట్టింగ్‌లో అది 1 లోపు ఉంది. అందులో ఐదు సాఫ్ట్ 18 మీదే. మిగిలిన నాలుగులో రెండు, 15 మీద డీలర్‌కు పది ఉండగా ఆగిపోవడం. నష్టానికి కారణం పొరపాట్లని నేను అనను, 9 పొరపాట్లు కలిసి ఒక యూనిట్ కూడా ఖర్చు చేయించవు; మిగిలిందంతా ఊగిసలాటే. కానీ నష్టం వచ్చినకొద్దీ పొరపాట్లు పెరిగాయన్నది మాత్రం గీతల వరుసలోనే కనిపిస్తోంది: మొదటి వందలో 2, తరువాతి 86లో 7.

ఇప్పటి మొత్తం: 421 హ్యాండ్లు, 14.5 యూనిట్ల నష్టం, పొరపాట్లు 11.

నాలుగో సిట్టింగ్. ఉదయం, బల్ల దగ్గర నాతో కలిపి ఇద్దరు ముగ్గురే. గంటకు 115 హ్యాండ్లు వచ్చాయి. ఖాళీ బల్ల హాయిగా ఉంటుంది గానీ, అదే శాతానికి గంటకు ఎదురయ్యే నష్టం ఒకటిన్నర రెట్లు అవుతుంది. నిదానంగా నడిచే నిండు బల్లే నాలాంటివాడికి చవక. ఈ సిట్టింగ్‌లో 12 మీద నా సొంత నియమాన్ని పక్కన పెట్టి, డీలర్ 2 చూపితే ముక్క తీసుకున్నాను, పోల్చి చూద్దామని. మొదటిసారే పది పడి బస్ట్ అయ్యాను. డీలర్ ఆ తరువాత 12 మీద 8 తీసి 20 చేశాడు. చివరి కుర్చీలో ఉన్న పెద్దాయన నా వైపు తిరిగి, “మీరు ఆ ముక్క ముట్టుకోకుండా ఉంటే అది డీలర్‌కు పడేది కదండీ, అందరం గెలిచేవాళ్లం” అన్నారు. “అవునండీ, ఈసారి అలాగే పడింది” అన్నాను. తరువాతి ముక్క ఏమిటో తెలియనంతవరకు నా హిట్ ఆయనకు మేలు చేసే అవకాశమూ, కీడు చేసే అవకాశమూ సమానమేనని బల్ల దగ్గర వివరించే పని కాదు. సిట్టింగ్ లాభం 19.

ఇప్పటి మొత్తం: 661 హ్యాండ్లు, 4.5 యూనిట్ల లాభం, పొరపాట్లు 14.

ఐదో సిట్టింగ్. సిట్టింగ్‌కు 60 యూనిట్లు పోతే లేవాలన్నది నా హద్దు. 59 పోయిన దగ్గర వరుసగా మూడు గెలిచాను, నష్టం 53కు తగ్గింది, పందెం ఐదుకు చేరింది. రెండు 8లు వచ్చాయి, డీలర్‌కు 6. స్ప్లిట్ చేశాను, అది సరైనదే. ఒక 8 మీద 3 పడి 11 అయింది. డబుల్ చేశాను, అదీ సరైనదే. దాని మీద పడింది 7, మొత్తం 18. రెండో 8 మీద పది, అదీ 18. బల్ల మీద నావి పదిహేను చిప్పులు. డీలర్ 6 మీద 5, దాని మీద పది, 21. పట్టిక ప్రకారం ఒక్క తప్పూ లేకుండా ఒకే హ్యాండ్‌లో 15 యూనిట్లు పోయి, 60 హద్దు 68 దగ్గర ఆగింది. హద్దును లెక్కించేటప్పుడు తరువాతి హ్యాండ్‌లో పోగలిగే అత్యధిక మొత్తాన్ని కూడా కలుపుకోవాలి. మెట్ల పద్ధతిలో అది ఐదు కాదు, ఒక్క స్ప్లిట్, రెండు డబుల్స్ కలిస్తేనే ఇరవై అవుతుంది.

ఇప్పటి మొత్తం: 866 హ్యాండ్లు, 63.5 యూనిట్ల నష్టం, పొరపాట్లు 21.

ఆరో సిట్టింగ్. మెట్లు లేకుండా ఒక్క యూనిట్‌తో, సవరించిన బేసిక్ పట్టికతో 178 హ్యాండ్లు ఆడాను. 5.5 నష్టం, ఒక్క పొరపాటు. రాయదగిన సంఘటన ఏదీ జరగలేదు.

ఇప్పటి మొత్తం: 1044 హ్యాండ్లు, 69 యూనిట్ల నష్టం, పొరపాట్లు 22.

దశ 5: తిరిగొచ్చాక లెక్క

మెట్లతో ఆడిన 866 హ్యాండ్లకు లెక్క ప్రకారం ఎదురుచూడాల్సిన నష్టం 8 యూనిట్లు, ఊగిసలాట పరిమాణం 69. వచ్చిన 63.5 నష్టం ఆ పరిధి లోపలే ఉంది. అదే పరిధిలో 60 యూనిట్ల లాభం వచ్చి ఉంటే, ఈ డైరీని నేను చాలా వేరే గొంతుతో రాసి ఉండేవాడిననీ, దానికీ ఇంతే విలువ ఉండేదనీ నాకు తెలుసు.

కొలవడానికి వెళ్లిన వాటి సంగతి వేరు. గుర్తించిన 21 పొరపాట్లను 2.3తో గుణిస్తే దాదాపు 48, అంటే వంద హ్యాండ్లకు 5.6. ఒక్కో పొరపాటు ఖరీదును సగటున 0.05 యూనిట్‌గా తీసుకుంటే 0.28 శాతం. నేను తెలిసి ఉంచుకున్న 12 నియమం ఖరీదు 0.04, తెలియక చేసినవి దానికి ఏడు రెట్లు. ఏ నియమం మెరుగైనదని నెలన్నర తర్కించుకున్నాను గానీ, రాత్రి పదకొండుకు లేచి వెళ్లిపోవడం వాటన్నింటికంటే ఎక్కువ ఆదా చేసేది.

వెనక జేబులోని రంగు గుండీలు 61. లెక్క ప్రకారం 48 ఉండాలి. మిగిలిన 13లో ఒకటి రెండు యాదృచ్ఛికం అనుకోవచ్చు. మిగిలినవి ఎలా వచ్చాయో నాకు గుర్తుంది: ఐదు గెలిచాక ఒకటికి దిగకుండా మళ్లీ ఐదు పెట్టడం వల్ల. ఆ క్షణంలో అది నియమ భంగంగా తోచలేదు; గెలిచిన చిప్పులు అప్పటికే ముందున్నాయి, వాటిని వెనక్కి లాగడం మరిచానంతే అనుకున్నాను. గీతల్లో అందుకే అవి లేవు, గుండీల్లో మాత్రం ఉన్నాయి.

మూడో రూపంలో మార్పులు:

1. మెట్లు తీసేశాను, ప్రతి హ్యాండ్‌కూ ఒకే యూనిట్.
2. 12 మీద 2, 3లకు బేసిక్ పట్టికే.
3. కూర్చునే ముందు మూడు ప్రశ్నలు: బ్లాక్‌జాక్ చెల్లింపు ఎంత, సాఫ్ట్ 17 మీద డీలర్ ఆగుతాడా, రెండో ముక్క ముందే తీసి చూస్తాడా. సాఫ్ట్ 17 మీద డీలర్ ముక్క తీస్తే మరో 0.2 శాతం కలుస్తుంది.
4. సిట్టింగ్ రెండు గంటలు లేదా 150 హ్యాండ్లు, ఏది ముందైతే అది. ఒక రోజుకు ఒకటే.
5. గుండీలు యథాతథం.

ఈ మూడో రూపంలో నాది అనదగిన నియమం ఒక్కటీ మిగలలేదు. సాఫ్ట్ 18 సాధనకు ఆసులు, 7లు, పది విలువ ముక్కలు, 9లు మాత్రమే ఏరి విడిగా ఒక కట్ట కట్టాను. ఈ వారం దానితో 300 హ్యాండ్లు ఆడాను, వీడియోలో తేలిన పొరపాట్లు 4.